చిలుక ఖాతాలో ‘ఇతరాలు’

జనవరి 4, ఆదివారం

ఉదయం 7.15. బయట సున్నాకు పన్నెండు డిగ్రీలు కింద. రెండో కప్పు కాఫీ. ఆకుపచ్చ అట్ట వేసిన కొత్త ఖాతా పుస్తకం, మొదటి పేజీ.

నిర్ణయం: ఈ సంవత్సరం ఒక చిలుకను కొంటాను. ఆఫ్రికా జాతి, బూడిదరంగు, ఎర్ర తోక. పిట్ట ధరతో సహా మొత్తం ఖర్చు 2,400 డాలర్లు. ఒక్క సెంటు దాటదు.

చిలుక ఎందుకంటే: మా ఆయన ఆర్వో పోయి నాలుగేళ్లు. ఇంట్లో నా గొంతు తప్ప ఇంకొకటి వినబడదు. డెబ్బై ఆరేళ్లుగా విన్నాను దాన్ని. విసుగు పుట్టింది.

అంచనా:
పిల్ల 1,500
పంజరం 450
ఏడాది మేత 180
డాక్టర్ 160
ఆటవస్తువులు 40
చిల్లర సామాను 70
మొత్తం 2,400

చిలుకలు కొన్నవాళ్లు అందరూ ఖర్చు చేయి దాటిపోయిందనే అంటారు. వాళ్లెవరూ హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు జమాఖర్చులు నేర్పినవాళ్లు కారు.

మధ్యాహ్నం 1.00. భోజనానికి కూతురు కైసా, మనవరాలు లూమి వచ్చారు. చేప, బంగాళదుంపల పులుసు, యాలకుల రొట్టె. చెప్పేశాను.

“చిలుకా? నువ్వా?” అంది కైసా, చెంచా కింద పెట్టి.

“ఏం, నేను కొనకూడదా?”

“కొనొచ్చమ్మా. నాకు పదేళ్లప్పుడు నేనడిగిందీ అదే. ఇంతంత బడ్జీ పిట్ట, పిచ్చుకంత. లెక్క రాసిచ్చావు, గుర్తుందా?”

గుర్తుంది. ఏడాది ఖర్చు వంద లోపైతే కొంటానని మాటిచ్చాను, 1988లో. రెండు రోజులకు కాగితం చేతిలో పెట్టాను. పిట్ట 14.00, పంజరం 32.50, గింజలు 27.60, ఊయల 4.50, డాక్టర్ 15.00, ఇతరాలు 25.00. మొత్తం 118.60. కొనలేదు. ఆ కాగితాన్ని ఇప్పటికీ తన ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అంటించి ఉంచుకుంది కైసా. ఆ ఇంట్లో మూడు ఫ్రిజ్‌లు మారాయి. కాగితం మారలేదు.

“2,400 దాటితే?” అంది.

“దాటదు.”

“దాటితే ఆ కాగితం కింద నీ చేత్తో ‘నా లెక్క తప్పు’ అని రాసి సంతకం పెట్టాలి. లూమి సాక్షి.”

“దాటకపోతే?”

“కాగితం తీసి నీ చేతికిచ్చేస్తా.”

సరేనన్నాను. ఆ కాగితం అక్కడినుంచి పోవడం నాకు కావాలి. ఎందుకో ఇక్కడ రాయను.

జనవరి 10, శనివారం

ఉదయం 9.00. కారు ఇరవై నిమిషాలు ముందే వేడెక్కించాను. చిలుకలు పెంచి అమ్మే డార్లీన్ వుకెలిచ్ ఇల్లు ఇరవై ఆరు మైళ్లు. డార్లీన్ నా విద్యార్థిని. ఫైనల్ ప్రాజెక్టులో తన గుర్రానికి కొన్న గడ్డిని ‘ఇంటి తిండి’ ఖాతాలో రాసింది. సి గ్రేడ్ ఇచ్చాను.

తనంతట తాను గింజ తినడం నేర్చిన పిల్ల 2,200. ఇంకా సిరంజితో మేత పట్టాల్సిన ఆరువారాల పిల్ల, ఇస్తే గిస్తే, 1,500. నా అంచనాలో ఉన్నది రెండోది.

“చేతి మేత పిల్లని కొత్తవాళ్లకి అమ్మను టీచర్ గారూ. ఇరవై ఏళ్లుగా ఇదే రూలు నాది.”

“నేను కొత్తదాన్నా? మీలాంటివాళ్లని రెండు వేలమందిని పెంచాను.”

“మమ్మల్ని సిరంజితో పెంచలేదు కదండీ.”

కళ్లద్దాలు తీసి చూశాను, అంతే. డార్లీన్‌కి యాభై రెండేళ్లు. ఇద్దరు మనవలు. తల దించుకుంది. నాకు సిగ్గు వేయవలసింది. వేయలేదు. 700 మిగిలాయి.

డార్లీన్ పెట్టిన షరతులు: రోజుకు నాలుగు మేతలు, ఆరింటికి, పదకొండింటికి, నాలుగింటికి, తొమ్మిదింటికి. మేత వేడి 105 డిగ్రీల ఫారన్‌హీట్. రోజూ ఉదయం తూకం వేసి ఫోన్లో చెప్పాలి. పిల్ల ఉండటానికి, కోడిపిల్లలకు పెడతారే, అలాంటి వెచ్చటి పెట్టె ఒకటి కొనాలి. తన దగ్గర ఉంది, 280.

“పెట్టె వద్దు. వెచ్చటి చోటు మా ఇంట్లో ఉంది” అన్నాను. ఎక్కడని అడిగింది. చెప్పలేదు.

పిల్ల 1,500.00. మేత పొడి 34.50. సిరంజిలు రెండు 6.50. మొత్తం 1,541.00. పెట్రోలు 11.40. ఇది కారు ఖాతా. కారు ఎలాగూ తిరుగుతుంది.

పిల్ల తూకం 382 గ్రాములు. సగం ఈకలు, సగం చర్మం. కోపంగా చూసే దూది ఉండలా ఉంది.

జనవరి 11, ఆదివారం

వెచ్చటి చోటు అంటే సౌనా. ఆర్వో బేస్‌మెంట్‌లో తన చేతులతో కట్టిన ఆవిరి గది. మా అమ్మ నన్ను కన్నదే వాళ్ల పొలంలోని సౌనాలో. జబ్బు చేస్తే సౌనా, పెళ్లికి ముందు సౌనా, మనిషి పోతే శవానికి స్నానం సౌనాలో. ఒక చిలుకపిల్లకు పనికిరాకుండా పోతుందా? కింది బల్ల మీద ప్లాస్టిక్ తొట్టి, తువ్వాలు. పొయ్యి అన్నింటికన్నా తక్కువ మంటలో. 86 డిగ్రీలు. ఖర్చు సున్నా.

280 మిగిలాయి. కాఫీ ఇంకో అరకప్పు తాగాను.

385 గ్రాములు. మేత నాలుగుసార్లూ నిమిషం అటూ ఇటూ కాలేదు.

జనవరి 12, సోమవారం

వంటింటి త్రాసు అయిదు గ్రాముల లెక్కన చూపిస్తుంది. 385 అంటే 383 కావచ్చు, 387 కావచ్చు. అలాంటి అంకెతో నేను బతకలేను. ఒక్కో గ్రాము చూపే త్రాసు కొన్నాను. 29.00. దీని మీద రొట్టెల పిండి కూడా తూచుకోవచ్చు. కాబట్టి వంటింటి ఖాతా.

389.

జనవరి 14, బుధవారం

డార్లీన్ ఫోన్. “టీచర్ గారూ, అంటుకోని పెనాలు ఉన్నాయా ఇంట్లో?”

“నాలుగున్నాయి. ఏం?”

“మాడితే వచ్చే పొగకి పిట్ట నిమిషాల్లో చచ్చిపోతుంది. తీసేయండి.”

అందులో ఒకటి 1998 నాటిది. ఒక్క గీత పడలేదు. నాలుగూ పెట్టెలో పెట్టి గరాజ్‌కు పంపాను. కొత్త స్టీలు పెనం 64.00. పెనం వంటింటి వస్తువే. వంటింటి ఖాతా.

బూడిదరంగు చిలుకల ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతుందని ఇప్పుడు చెప్పింది. గాలి శుభ్రం చేసే మెషిన్ 189.00. దుమ్ముకు నాకు తుమ్ములు వస్తాయి, పన్నెండేళ్ల వయసు నుంచీ. నా మందుల ఖాతా.

చిలుక ఖాతా: 1,541.00. కదలలేదు. క్రమశిక్షణ అంటే ఇది.

391.

జనవరి 16, శుక్రవారం

384. తగ్గింది. త్రాసు తప్పేమో. సున్నా దగ్గర సరిచేసి మళ్లీ తూచాను. 384.

డార్లీన్‌కు 390 అని చెప్పాను. రేపు పెరిగితే సరిపోతుందని. ముప్పై నాలుగేళ్లలో నేనెప్పుడూ అంకె మార్చి చెప్పలేదు.

ఈ పైవాక్యం కూడా నిజం కాదు. సరే.

జనవరి 17, శనివారం

371. పదకొండింటికి పట్టిన మేత నాలుగింటికి కూడా గొంతు కింది సంచిలో అలాగే ఉంది. మెత్తగా, ముద్దగా, వేలితో తాకితే తెలుస్తోంది. మేత కోసం అరవలేదు. తల తువ్వాలు మీద పెట్టి ఉంది.

సౌనా పొయ్యి కొంచెం పెంచాను. వెచ్చగా ఉంటే కోలుకుంటుందని.

జనవరి 18, ఆదివారం

ఉదయం 6.00. 352.

6.05. డార్లీన్‌కు ఫోన్. అసలు అంకెలు మూడు రోజులవీ చదివాను. “డులూత్ తీసుకెళ్లండి టీచర్ గారూ, పిట్టల డాక్టర్ దగ్గరికి. నేనిప్పుడే ఫోన్ చేసి చెప్తా. మేత పట్టకండి. వెచ్చగా పట్టుకోండి, అంతే.”

6.20. రోడ్డంతా మంచుగడ్డ. కైసా వచ్చింది, ఉత్తరాలు పంచే తన బండితో. నా ఒళ్లో అట్టపెట్టె, వేడినీళ్ల సంచి, తువ్వాలు.

“సౌనాలో పెట్టావా అమ్మా?”

“వెచ్చగా ఉంటుందని.”

“ఉంటుందిలే. మనమే అరగంటకి బయటికి పరిగెత్తి మంచులో పడతాం కదమ్మా. అది వారం నుంచి అందులోనే ఉందా?”

పెట్టెలోకి చూస్తూ కూర్చున్నాను. ఊపిరి తీసుకున్నప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోంది.

7.40. డాక్టర్ థావ్ చిన్న వయసు మనిషి, చిన్న చేతులు, తొందర లేదు. పిల్లను తువ్వాలులో చుట్టి పరీక్షిస్తూ అడిగింది.

“గది గోడలు ఏం చెక్కతో చేశారమ్మగారూ?”

“దేవదారు. మా ఆయన ఒక్కొక్క పలకా ఏరి తెచ్చాడు. మంచి వాసన.”

“ఆ వాసన మనకి మంచిది. పిట్ట ఊపిరితిత్తులకి పడదు. పైగా పొడి వేడి. ఒంట్లో నీరు ఆవిరైపోయింది, మేత కదలడం ఆగిపోయింది.”

“బతుకుతుందా?”

“రెండు రోజులు ఇక్కడ ఉండాలి. సంచి ఖాళీ అయితే బతుకుతుంది. ఖర్చు ఎంత అవుతుందో కాగితం ఇస్తాను, చూసుకుని చెప్పండి.”

కాగితం చూడకుండా సంతకం పెట్టాను. చూడకుండా నేను సంతకం పెట్టిన మొదటి కాగితం అది. పెళ్లి పత్రం కూడా రెండుసార్లు చదివాను.

కౌంటర్ దగ్గరి అమ్మాయి పిట్ట పేరు అడిగింది. పేరు లేదు. పేరు పెట్టడానికి డబ్బు అక్కర్లేదు, అయినా పెట్టలేదు. “సాల్డో” అన్నాను. మా నాన్న వాడిన ఫిన్లాండ్ మాట. అన్నీ తీసేశాక ఖాతాలో చివరికి మిగిలేది.

కైసా కిటికీ వైపు తిరిగింది.

జనవరి 19, సోమవారం

ఆరింటికి లేచాను. మేత పట్టేందుకు ఎవరూ లేరు. పదకొండింటికి సిరంజి కడిగాను. అది కడిగే ఉంది.

డాక్టర్ 145.00, సంచి కడిగి పరీక్ష 96.00, సెలైన్ 58.00, మందు 42.75, రెండు రోజులు ఉంచుకున్నందుకు 270.00. మొత్తం 611.75. దీన్ని ఏ ఖాతాలోనూ దాచలేను. చిలుక ఖాతా: 2,152.75. ఇంకా 247.25 ఉంది.

పై వాక్యం నేనే రాశాను. పిట్ట ఉంటుందో పోతుందో తెలియని రోజున.

జనవరి 20, మంగళవారం

8.10. డాక్టర్ థావ్ ఫోన్. సంచి ఖాళీ అయింది. 358 గ్రాములు. అరుస్తున్నాడట, సిబ్బంది అందరికీ వినబడేలా.

ఈ రోజు నుంచి ‘వాడు’. ఆడో మగో తెలియాలంటే రక్తపరీక్ష, అది ఇంకో ఖర్చు. వాడు అనడం ఉచితం.

మధ్యాహ్నం 2.00. వాడిని తీసుకుని ఇంటికి వచ్చేసరికి డార్లీన్ వంటింట్లో కూర్చుని ఉంది, వెచ్చటి పెట్టె బల్ల మీద పెట్టుకుని. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“వంచిన చెంచాతో పట్టండి, సిరంజి వద్దు. ఇలా. వాడే తల ఊపుతూ తీసుకుంటాడు” అని చూపించింది. తర్వాత, “నేనమ్మి ఉండకూడదు. మీరు అద్దాలు తీసి చూశారు, నాకు మళ్లీ పదిహేడేళ్లొచ్చాయి” అంది.

“తప్పు నాది డార్లీన్. పెట్టె ఎంత అన్నావు?”

“రెండొందల ఎనభై. ఊరికే తీసుకోండి.”

“ఊరికే ఏమీ తీసుకోను.”

చెక్కు రాశాను. పుస్తకం తెరిచాను. చిలుక ఖాతాలో వేస్తే 2,432.75. దాటుతుంది, 32.75. సౌనా పొయ్యి ఎలాగూ పాతబడింది, దాని బదులే కదా ఈ పెట్టె. ‘సౌనా మరమ్మతు’ అని రాశాను.

డార్లీన్ నా భుజం మీదుగా చూస్తోంది.

“టీచర్ గారూ. త్రాసు ‘వంటింటి’లో ఉందేంటి?”

“పిండి తూస్తాను.”

“గాలి మెషిన్ ‘మందులు’లోనా?”

“తుమ్ములు.”

“నా గుర్రం కూడా మా ఇంట్లోనే తినేదండీ” అంది, చాలా మర్యాదగా. కోటు వేసుకుని వెళ్లిపోయింది.

జనవరి 21, బుధవారం

కొత్త పేజీ. నాలుగు ఖాతాల్లో దాచినవన్నీ వెనక్కి తెచ్చాను. త్రాసు, పెనం, మెషిన్, మూడు ప్రయాణాల పెట్రోలు. సౌనాకు అయిన కరెంటు 47.20, అది ఇంతకుముందు ఎక్కడా రాయనేలేదు. పెట్టె.

2,796.15. దాటింది 396.15.

డార్లీన్‌కు ఫోన్ చేసి ఆ సి గ్రేడ్ గురించి చెప్పాను. గ్రేడ్ సరైనదే, మార్చను, కానీ నాకు కూడా అదే వస్తుంది.

“మీకు సి మైనస్ టీచర్ గారూ. నేను ఒక్క ఖాతాలోనే దాచాను” అంది.

జనవరి 25, ఆదివారం

కైసాను భోజనానికి రావద్దన్నాను. రోడ్డు మీద మంచుగడ్డ ఉంది. మంచుగడ్డ మీద రోజూ నలభై మైళ్లు తిరిగి ఉత్తరాలు పంచే మనిషికి చెప్పాను ఈ మాట.

377 గ్రాములు.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఈ వారం నాకు పడిశం. కైసాను రావద్దన్నాను.

పడిశం లేదు. సాల్డో 402 గ్రాములు. చెంచా చూడగానే ఒళ్లంతా ఊపేస్తాడు. మేత నా జుట్టులో, కళ్లద్దాల మీద, ఒకసారి క్యాలెండర్ మీద ఫిబ్రవరి రెండో వారం మీద. తుడవలేదు.

ఫిబ్రవరి 7, శనివారం

పంజరం 540.00. అంచనా 450. చవక పంజరం రంగులో పిట్టలకు పడని లోహం ఉండవచ్చని డార్లీన్ చెప్పింది. ఇంకోసారి చవకగా వస్తుందని నేనేదీ కొనను.

ఆటవస్తువులు 112.00. అంచనా 40. అందులో 18 డాలర్ల చెక్క గంటను పదకొండు నిమిషాల్లో పుల్లలు చేశాడు. నిమిషానికి డాలర్ అరవై నాలుగు సెంట్లు.

మేత పొడి రెండో సంచి 34.50. గింజలు, మేత బిళ్లలు 61.35. డాక్టర్ మళ్లీ చూసినందుకు 78.00. అయిదు ప్రయాణాలు 57.00.

మొత్తం: 3,679.00.

ఇంకో లెక్క, నా సంతోషం కోసం కాదు. మేత నేర్చిన పిల్లను కొని ఉంటే అవసరం పడనివి: రెండు సంచుల మేత పొడి, సిరంజిలు, పెట్టె, సౌనా కరెంటు, డాక్టర్ రెండుసార్లు. 1,092.45. అంటే 700 మిగిల్చుకోవడానికి 1,092.45 ఖర్చు పెట్టాను. మూడుసార్లు కూడి చూశాను. మూడుసార్లూ అంతే వచ్చింది.

ఫిబ్రవరి 8, ఆదివారం

కైసా చెప్పకుండా వచ్చేసింది, లూమితో. సాల్డో లూమి చొక్కా బొత్తాం ఒకటి తెంపాడు. ఒక సెంటు కన్నా తక్కువ ఖరీదు. రాయలేదు.

“మొత్తం ఎంతయిందమ్మా?” అంది కైసా, పాత్రలు తుడుస్తూ.

“ఇంకా కూడలేదు.”

“నువ్వా? కూడలేదా?”

“అమ్మమ్మ చెవులు ఎర్రబడ్డాయి” అంది లూమి.

“పొయ్యి దగ్గర నిలబడ్డాను కాబట్టి.”

“పొయ్యి ఆపేసి ఉంది అమ్మమ్మా.”

నా చేతికింద చదువుకోకపోయినా ఈ పిల్ల బాగానే తేలింది.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఉదయం 10.30. కైసా ఇంటికి నేనే వెళ్లాను. పెన్ను తీసుకెళ్లాను, నల్ల సిరాది. ఖాతా పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టాను.

“3,679.00” అన్నాను. “సాక్షిని పిలు.”

“లూమి నిద్రలేవలేదు. ఏం పరవాలేదమ్మా, నేను నమ్ముతా.” కైసా నవ్వుతూ ఫ్రిజ్ మీది కాగితం తీసి ముందు పెట్టింది. ముప్పై ఎనిమిదేళ్ల మడతలు. పక్కన టొమాటో మరక. నా చేతిరాత అప్పుడు ఇంకా నిలువుగా ఉండేది. ‘నా లెక్క తప్పు’ అని రాసి సంతకం పెడితే పని అయిపోతుంది. చిలుక గురించే రాసినట్టు ఉంటుంది. ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

అక్కడితో ఆపేసే వీలు అంత చక్కగా ఉండబట్టే ఆపలేకపోయాను.

‘ఇతరాలు 25.00’ అన్న వరస మీద అడ్డంగా గీత గీశాను. కింద రాశాను: ‘ఇతరాలు అంటూ ఏమీ లేవు. సరైన మొత్తం 93.60. వంద లోపే. కొనవలసింది. నా లెక్క తప్పు. తెలిసి చేసిన తప్పు.’ సంతకం. తేదీ.

కైసా చదివింది. అయస్కాంతాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుంది.

“తెలుసమ్మా” అంది.

“ఏం తెలుసు?”

“ఆ ఇరవై అయిదు. నీ క్లాసులో చేరిన మొదటివారమే తెలిసింది. బోర్డు మీద రాశావు కదా. ‘ఇతరాలు’ అని రాసేవాళ్లు ఏదో దాస్తున్నారు, అక్కడ వేలు పెట్టి అడగండి అని. ఇంటికొచ్చి ఈ కాగితం తీసి చూశా.”

“మరి అడగలేదేం? వేలు పెట్టి.”

“నువ్వే చెప్తావని. నీకు కనబడేలా పెట్టాను కదా. ప్రతి క్రిస్మస్‌కీ దీని ముందు నిలబడి పాలు తీసుకునేదానివి.”

పాలు నాకు ఇష్టం ఉండదు కాఫీలో. ఆ సంగతి ఇప్పుడు చెప్పి లాభం లేదు. ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచితే కాగితం కనబడదని తీసేదాన్ని.

“ఎందుకు వద్దనుకున్నావమ్మా? నిజం చెప్పు.”

“కార్పెట్.”

“ఏంటి?”

“హాల్లో కొత్త కార్పెట్ వేయించాం ఆ నెల. ఆకుపచ్చది. ఈకలు, గింజల పొట్టు పడతాయని.”

“ఆ కార్పెట్టా? కుళాయి పగిలి మూడేళ్లకే తీసి పారేశామే, ఆ కార్పెట్టా?”

“అదే.”

కైసా నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. కళ్లు తుడుచుకుంది. మళ్లీ నవ్వింది. మళ్లీ తుడుచుకుంది, ఈసారి నవ్వకుండా. తువ్వాలు ఇచ్చాను. అంతకన్నా మంచి పని నాకు తోచలేదు.

“కాగితం ఇచ్చేయమంటావా?” అంది.

“వద్దు. ఉండనీ. ఇప్పుడు లెక్క సరిగ్గా ఉంది.”

అదే అయస్కాంతంతో, అదే చోట పెట్టింది.

ఫిబ్రవరి 22, ఆదివారం

431 గ్రాములు. ఉదయం మేత బిళ్ల తనంతట తానే కొరుక్కు తిన్నాడు. రెండోది నా ఖాతా పుస్తకం. మొదటి పేజీలో ‘నిర్ణయం’ ఉన్న మూల మొత్తం పోయింది. 2,400లో 2 ఒక్కటే మిగిలింది. తక్కినదంతా పంజరం అడుగున ఉంది.

పుస్తకం ఖరీదు 6.80. రాస్తున్నాను, చిలుక ఖాతాలోనే. 3,685.80.

మార్చి 1, ఆదివారం

ఉదయం 7.15. బయట సున్నాకు పైన, నాలుగు డిగ్రీలు. రెండో కప్పు కాఫీ, పాలు లేకుండా. భుజం మీద సాల్డో. కొత్త పుస్తకం, నీలం అట్ట. మొదటి పేజీ, వాడి ముక్కుకు అందకుండా పట్టుకుని రాస్తున్నాను.

నిర్ణయం: కైసాకు ఒక బడ్జీ పిట్ట కొంటాను. ఏడాది మొత్తం ఖర్చు 93.60. ఒక్క సెంటు దాటదు. ‘ఇతరాలు’ అనే వరస ఉండదు.

9.40. డార్లీన్ ఇల్లు. మేత నేర్చిన పిల్ల, పసుపురంగు, పిచ్చుకంత.

“చేతి మేతది ఇంకోటుంది టీచర్ గారూ, సగం ధర” అంది డార్లీన్, మొహం ఏమాత్రం కదలకుండా.

“నాకు ఇది చాలు.”

ధర 65.00. బేరం ఆడలేదు. అద్దాలు తీయలేదు.

మిగిలినది 28.60. ఇంకా కొనవలసినవి పంజరం, గింజలు, ఊయల, డాక్టర్. అంతే.